హుస్సేన్ సాగర్‌కు వెళ్తున్నారా? పడవ ఎక్కే ముందు, పూలు వదిలే ముందు, ఫిర్యాదు చేసే ముందు ఇవి తెలుసుకోండి

ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద ఓ అరగంట నిలబడి చూడండి. లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి దగ్గరికి పడవలు వెళ్లి వస్తుంటాయి. కాస్త దూరంలో సెయిలింగ్ నేర్చుకునేవాళ్ల తెరచాపలు కనిపిస్తాయి. రెయిలింగ్ పక్కన సెల్ఫీలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఎవరిదో పుట్టినరోజు సందడి. ఇంతలో ఒకాయన స్కూటర్ ఆపి, పాలిథీన్ సంచిలో తెచ్చిన పూజ పూలను నీళ్లలోకి విసిరేసి వెళ్లిపోతారు. సంచితో సహా.

ఆయన చెరువును పాడుచేద్దామని రాలేదు. దేవుడికి పెట్టిన పూలను చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పక అంత దూరం వచ్చారు. సాగర్‌కు వెళ్లే మనలో చాలామందిమి ఇంతే. చెడు ఉద్దేశం ఉండదు, కానీ ఏది చేయొచ్చో, ఏది కూడదో, తేడా వస్తే ఎవరికి చెప్పాలో తెలియదు. ఆ వివరాలే ఈ కథనం.

ఇంతకీ ఇది ఎవరి చెరువు?

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో మూసీ ఉపనది మీద కట్టిన చెరువు ఇది. ఒకప్పుడు నగరానికి తాగునీరు ఇచ్చింది. ఇప్పుడు దీని మంచిచెడ్డలు ఒకే శాఖ చేతిలో లేవు. చాలా ఫిర్యాదులు దారి తప్పేది ఇక్కడే.

చెరువు, దాని చుట్టూ ఉన్న పార్కుల నిర్వహణ ప్రధానంగా హెచ్‌ఎండీఏది. పర్యాటకుల పడవలు నడిపేది రాష్ట్ర పర్యాటక అభివృద్ధి సంస్థ. చెత్త, రోడ్లు, వాననీటి నాలాలు జీహెచ్‌ఎంసీ చూస్తుంది. మురుగు పైపులైన్లు, శుద్ధి కేంద్రాలు జలమండలివి. నీటి నాణ్యతను పరీక్షించేది, ఫ్యాక్టరీల వ్యర్థాలపై చర్య తీసుకునేది కాలుష్య నియంత్రణ మండలి. ఆక్రమణల సంగతి 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా చూస్తోంది. నీళ్లలో ఎవరైనా పడితే ముందుగా కదిలేది లేక్ పోలీసులు. నాలాలో మురుగు పొంగుతోందని పార్కు గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డుకు చెప్పి వచ్చేస్తే ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

పడవ ఎక్కే ముందు

టికెట్ కొన్నాక చేతికి లైఫ్ జాకెట్ ఇస్తారు. దాన్ని భుజాన వేసుకుని, బకిల్ పెట్టకుండా, ఫొటో దిగి కూర్చునేవాళ్లే ఎక్కువ. (ఈ వాక్యం రాస్తున్న నేనూ కొన్నేళ్ల కిందట ఓ పర్యాటక చెరువులో ఇలాగే కూర్చున్నాను. తెగిపోయిన బకిల్ ఉన్న జాకెట్ ఇచ్చారు. మార్చమని అడగడానికి మొహమాటపడ్డాను. గట్టిగా గాలి వీచి పడవ ఊగినప్పుడు ఆ మొహమాటం ఎంత తెలివితక్కువదో అర్థమైంది.)

జాకెట్ సరిపోయిందో లేదో చూసుకోవడం తేలిక. అన్ని బకిళ్లూ పెట్టి, బెల్టులు బిగించుకున్నాక, పక్కనున్నవారిని మీ జాకెట్ రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే మీకు పెద్దది అవుతున్నట్టే. నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, మీరు కిందికి జారిపోతారు. పిల్లలకు పెద్దల జాకెట్ వేసి తాడుతో కట్టడం కూడా ఇలాంటి ప్రమాదమే. పిల్లల సైజు అడగండి. లేదంటే ఆ పడవ ఎక్కించకండి. ఒళ్లో కూర్చోబెట్టుకున్నాం కదా అన్నది నీళ్ల మీద పనిచేయదు.

తర్వాత చూడాల్సింది ఎంతమంది ఎక్కారన్నది. పడవ మీద, లేదా టికెట్ కౌంటర్ దగ్గర గరిష్ఠ సంఖ్య రాసి ఉండాలి. కనిపించకపోతే అడగండి. 2021లో పార్లమెంటు చేసిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం యంత్రంతో నడిచే పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్, బీమా ఉండాలంటోంది. అంటే మీరు అడిగేది దయ కాదు. బుద్ధుడి దగ్గరికి చేరుతున్నప్పుడు ఫొటో కోసం అందరూ ఒకే వైపుకు లేచి వెళ్లడం ఇక్కడ రోజూ కనిపించే దృశ్యం. బరువంతా ఒక పక్కకు చేరితే నిండా జనం ఉన్న పడవ ఒరగడానికి పెద్ద అల అక్కర్లేదు.

మనవాళ్లకు ఈ జాగ్రత్తలు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2017 నవంబరులో విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణానదిలో బోల్తా పడింది అనుమతి లేని పడవ. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకులతో వెళ్తున్న పడవ మునిగింది. హుస్సేన్ సాగర్ నదిలాంటిది కాదు, ఇక్కడ వరద ఉద్ధృతి ఉండదు అనుకుంటాం. నిజమే. కానీ అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న బురద ఉంది, పైన నిప్పు ప్రమాదమూ ఉంది. 2025 జనవరి 26 రాత్రి ఓ కార్యక్రమంలో బాణసంచా కాలుస్తుండగా ఇదే సాగర్‌లో రెండు పడవలకు మంటలు అంటుకుని ప్రాణనష్టం జరిగింది. పడవలో సిగరెట్ వెలిగించడం, పుట్టినరోజు కొవ్వొత్తులూ స్పార్క్‌లర్లూ కాల్చడం సరదా పని కాదు.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఒక్కసారిగా ఈదురుగాలులు లేస్తాయి. బేగంపేటలోని వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా తక్షణ హెచ్చరికలు ఇస్తుంది. పడవలు ఆపేశారంటే కారణం అదే కావచ్చు. టికెట్ కొన్నాం కాబట్టి తీసుకెళ్లాల్సిందేనని సిబ్బందితో గొడవ పెట్టుకోకండి. అదే గాలి తెరచాప పడవలకు పండగ. ఏటా హైదరాబాద్ సెయిలింగ్ వీక్ వానాకాలంలో జరిగేది అందుకే. ఆ రోజుల్లో నీటి మీద గుర్తులు పెట్టి పోటీల దారి నిర్ణయిస్తారు. మీరు స్పీడ్ బోటులో ఉంటే ఆ వైపు తిప్పమని డ్రైవర్‌ను ఉసిగొల్పొద్దు. మీ బోటు లేపే అలకు చిన్న తెరచాప పడవ తలకిందులవుతుంది, అందులో ఉన్నది పన్నెండేళ్ల పిల్ల కావచ్చు.

ఎవరైనా నీళ్లలో పడితే వెంటనే దూకకండి. ఈత వచ్చినవాళ్లు కూడా మునిగేవారి పట్టుకు చిక్కి ప్రాణాలు పోగొట్టుకుంటారు. తాడు, చున్నీ, ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది అందించండి, కేకలు వేయండి, 112కు ఫోన్ చేయండి. ఇంకో మాట. గట్టు మీద ఎవరైనా ఒంటరిగా, అదోలా కూర్చుని కనిపిస్తే చూసీ చూడనట్టు వెళ్లిపోకండి. దగ్గరకెళ్లి ఏదో ఒకటి అడగండి, మాట కలపండి, లేక్ పోలీసులకు చెప్పండి. మనసు బాగోలేనివారి కోసం టెలిమానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆ నీళ్లు తాకొచ్చా?

స్నానం, ఈత వద్దు. కారణం ఏమిటో అంకెల్లో తెలుసుకుంటే మరే చెరువుకైనా మీరే లెక్క చూసుకోగలుగుతారు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని ఏ నుంచి ఈ దాకా అయిదు తరగతులుగా విభజించింది. ఆరుబయట స్నానానికి పనికొచ్చేది బి తరగతి. అందులోకి రావాలంటే లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి. బీఓడీ 3 మిల్లీగ్రాములు మించకూడదు. కోలిఫామ్ బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500 దాటకూడదు. చేపలు, ఇతర జీవులకు సరిపోయేది డి తరగతి. దానికి ఆక్సిజన్ కనీసం 4 కావాలి.

బీఓడీ అంటే నీటిలోని కుళ్లే పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. మురుగు పెరిగితే ఈ అంకె పెరుగుతుంది, కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ పూర్తిగా అయిపోయాక అడుగున కుళ్లు మొదలై హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఎండాకాలంలో నెక్లెస్ రోడ్డు మీద ముక్కు మూసుకోవాల్సి వచ్చే ఆ కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. కోలిఫామ్ అంకె మలమూత్రాల జాడను చెబుతుంది. హుస్సేన్ సాగర్ ఏళ్లుగా బి తరగతి గీతకు దూరంగానే ఉంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి చెరువుల పరీక్షల వివరాలను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. పై మూడు అంకెలు గుర్తుంటే ఆ పట్టిక చదవడానికి ఇంజినీరు కానక్కర్లేదు.

పడవలో వెళ్తూ చేయి నీళ్లలో పెట్టిన పిల్లలకు తినే ముందు సబ్బుతో చేతులు కడిగించండి. ఒంటి మీద గాయం ఉంటే ఆ నీరు తగలనివ్వకండి. తొలి వానల తర్వాత రెండు మూడు రోజులు మరీ దూరంగా ఉండండి. ఎందుకో కింద చెబుతాం. తెల్లవారుజామున చేపలు చచ్చి తేలాయన్న వార్త ఎప్పుడైనా చదివారా? పగలు నాచు ఆక్సిజన్‌ను తయారుచేస్తుంది, రాత్రంతా తనే వాడుకుంటుంది. పొద్దు పొడిచే వేళకు నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. అంతకుముందే మురుగు ఎక్కువైన చెరువులో ఆ చివరి గంటలే చేపల పాలిట యముడు. అలా తేలిన చేపలను ఏరుకుని ఇంటికి తీసుకెళ్లేవాళ్లున్నారు. వద్దు.

సాగర్‌లోకి వచ్చేది మీ ఇంటి నీరేనేమో

ఒడ్డున మనం పడేసే చిప్స్ ప్యాకెట్ కంటికి కనిపిస్తుంది కాబట్టి కోపం దాని మీదికి పోతుంది. ఈ చెరువును అసలు కుంగదీసేది నాలాల్లో వచ్చే మురుగు. సుమారు 240 చదరపు కిలోమీటర్ల మేర కురిసిన వాన దీనిలోకి చేరాలి. కూకట్‌పల్లి, బల్కాపూర్, బంజారా, పికెట్ నాలాలు ఆ దారులు. బాలానగర్‌లోనో యూసుఫ్‌గూడలోనో ఉంటూ, ఏడాదికి ఒక్కసారి కూడా ట్యాంక్‌బండ్ ఎక్కనివారికీ ఈ చెరువుతో రోజూ సంబంధం ఉంటుంది.

వాననీటి కోసం ఉన్న నాలాల్లోకి మురుగు చేరడం వల్ల వచ్చిన చిక్కు ఇది. దీనికి విరుగుడుగా నాలా చెరువులో కలిసే చోటే అడ్డుకట్ట వేసి, మురుగును పక్కకు మళ్లించి శుద్ధి కేంద్రాలకు పంపే ఏర్పాటు చేశారు. అంబర్‌పేటలోని 339 ఎంఎల్‌డీ కేంద్రం వీటిలో పెద్దది. వాన లేని రోజుల్లో ఈ ఏర్పాటు పనిచేస్తుంది. గట్టి వాన పడితే నాలా ప్రవాహం అడ్డుకట్టను దాటి నేరుగా చెరువులో పడుతుంది. వేసవి అంతా నాలాలో పేరుకున్న బురద, చెత్త, నూనె తొలి వానకే ఒక్కసారిగా కొట్టుకొస్తాయి. తొలి వానల తర్వాత నీళ్లకు దూరంగా ఉండమన్నది ఇందుకే.

ఇందులో మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ అపార్టుమెంటు మురుగు ఎటు పోతోందో అసోసియేషన్ మీటింగులో అడగండి. జలమండలి మ్యాన్‌హోల్‌లో కలుస్తోందా, లేక ఎప్పుడో బిల్డరు డబ్బు మిగుల్చుకోవడానికి వాననీటి కాలువలో కలిపేశాడా? పెద్ద సముదాయాల్లో సొంత శుద్ధి ప్లాంటు ఉంటుంది. అది రోజూ నడుస్తోందా, కరెంటు బిల్లు ఎక్కువవుతుందని ఆపేశారా? సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసిన ట్యాంకరు ఎక్కడ వంపుతోంది? అర్ధరాత్రి నాలా పక్కన ట్యాంకరు ఆగి కనిపిస్తే నంబరు ప్లేటుతో ఫొటో తీసి 112కు చెప్పండి. మీటింగులో ఈ ప్రశ్నలు అడిగినవారికి మంచి పేరు రాదు, అది ముందే చెబుతున్నాం.

గణపయ్య, బతుకమ్మ, పూజ పూలు

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లు తగిలితే కరిగే సరుకు కాదు, గట్టిపడే సరుకు. ఇంటి సీలింగుకు వాడేది అదే. రంగుల్లో సీసం, క్రోమియం లాంటి లోహాలుంటే అవి బురదలో చేరి ఉండిపోతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మేలో ఇచ్చిన మార్గదర్శకాలు పీఓపీ విగ్రహాలు వద్దన్నాయి. సాగర్‌లో పీఓపీ విగ్రహాల నిమజ్జనాన్ని 2021లో తెలంగాణ హైకోర్టు అడ్డుకుంది. అప్పటికే ఏర్పాట్లు అయిపోయాయని ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చింది. తర్వాతి ఏడాది, 2022లో, 1954 నుంచి కొలువుదీరుతున్న ఖైరతాబాద్ గణపతినే తొలిసారి మట్టితో చేశారు. యాభై అడుగుల విగ్రహానికి సాధ్యమైంది అడుగున్నర విగ్రహానికి కాదా అన్న ప్రశ్నకు జవాబు అప్పుడే దొరికింది.

ఇంట్లో మట్టి విగ్రహమైతే బకెట్‌లోనో టబ్‌లోనో నిమజ్జనం చేసి, ఆ మట్టిని కుండీల్లో వేసుకోవచ్చు. బయటే చేయాలనుకుంటే జీహెచ్‌ఎంసీ ఏటా ఏర్పాటు చేసే కొలనులు మీ దగ్గర్లో ఎక్కడున్నాయో పండగకు ముందే చూసుకోండి. పత్రి, పూలు, వస్త్రాలు, థర్మోకోల్ ముందే తీసి వేరుగా ఇవ్వాలి. ఎలాగో పీఓపీ విగ్రహం ఇంటికి వచ్చేసింది అనుకుందాం. పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ అమ్మోనియం బైకార్బొనేట్ కలిపిన నీటిలో దాన్ని కరిగించే పద్ధతిని రూపొందించింది. అక్కడి కార్పొరేషన్ ఆ పొడిని ప్రజలకు పంచింది కూడా. ఘాటైన వాసన వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట చేయాలి.

బతుకమ్మ సంగతి వేరు. తంగేడు, గునుగు, బంతి, చామంతి, అన్నీ నేలలోంచి వచ్చినవే. చెరువుల నీరు నిండుగా, తేటగా ఉండే రోజుల పండగ అది. కొన్ని పూలు నీటికి పెద్ద భారం కావు. కానీ గునుగు పూలకు అద్దే రసాయన రంగులు, అడుగున పెట్టే ప్లాస్టిక్ పళ్లెం, మెరుపు కాగితాలు పూలు కావు కదా. పళ్లెం ఇత్తడిదో, తట్ట వెదురుదో అయితే వెనక్కి తెచ్చుకుంటాం, ప్లాస్టిక్‌దైతే వదిలేస్తాం. తేడా అంతా అక్కడే ఉంది.

మొదట్లో చెప్పిన ఆ స్కూటర్ ఆయనకు కూడా ఓ దారి ఉంది. రోజూ పూజ చేసిన పూలను ఎండబెట్టి కుండీ మట్టిలో కలిపితే ఎవరి కాళ్ల కిందా పడవు, చెరువులో కుళ్లవు.

గట్టు మీద

ఇది పొట్టిగానే చెబుదాం. ట్యాంక్‌బండ్ మీద కేకులు కోసి, నురుగు స్ప్రేలు కొట్టి, డబ్బాలు అక్కడే వదిలేసే అలవాటు ముదిరాక అధికారులు కేక్ కటింగ్ వద్దని బోర్డులు పెట్టాల్సి వచ్చింది. తెచ్చిన చెత్త మీతోనే తీసుకెళ్లండి. నిండిపోయిన బుట్ట పక్కన పెట్టిన కవరు గాలికి నీళ్లలోకే చేరుతుంది. చేపలకు బ్రెడ్డు, మరమరాలు వేయకండి. తినగా మిగిలింది కుళ్లి మళ్లీ ఆ బీఓడీ లెక్కలోకే వస్తుంది. నీటి మీద పచ్చటి చాపలా పరుచుకునే గుర్రపుడెక్క అందంగా ఉందని ఇంటి తొట్టిలోకి తెచ్చుకుని, విసుగొచ్చాక పక్క చెరువులో పడేయకండి. అది ఎంత వేగంగా పెరుగుతుందో నాలుగు కాడలు తెచ్చుకున్న ఏ ఊరినైనా అడగండి.

ఎఫ్‌టీఎల్, బఫర్: ఆ గీత ఎక్కడ?

చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. హుస్సేన్ సాగర్‌కు అది సముద్ర మట్టం నుంచి 513.41 మీటర్లు. వానాకాలం వార్తల్లో మీరు వినే అంకె ఇదే. నీరు ఆ మట్టానికి చేరేకొద్దీ అలుగు మీదుగా మూసీకి వదులుతారు. అప్పుడు దోమలగూడ, అశోక్‌నగర్ లాంటి లోతట్టు ప్రాంతాలవారిని అప్రమత్తం చేస్తారు.

ఎఫ్‌టీఎల్ బయట కూడా కొంత జాగా ఖాళీగా ఉండాలి, అది బఫర్. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే పక్కన 9 మీటర్లు, అంతకంటే సన్నదైతే 2 మీటర్లు. ఏ చెరువు దగ్గరైనా ప్లాటు, ఫ్లాటు కొనేముందు హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఆ చెరువు మ్యాపు చూడండి. అది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అన్నదీ చూడండి. బ్యాంకు లోను వచ్చింది కాబట్టి అంతా సవ్యమే అనుకోవడం చాలామందికి ఖరీదైన పాఠమైంది.

ఫిర్యాదు ఎలా చేయాలి?

ప్రాణాపాయం ఉంటే, ఎవరిదైనా నేరం కళ్లముందే జరుగుతుంటే 112. మురుగు పొంగితే, మ్యాన్‌హోల్ మూత లేకపోతే జలమండలి 155313. చెత్త కుప్పలు, నాలాలో పూడిక అయితే జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111. ఆక్రమణలపై సోమవారం జరిగే హైడ్రా ప్రజావాణికి కాగితాలతో వెళ్లొచ్చు. ఆ కార్యాలయం సాగర్‌కు దగ్గర్లోని బుద్ధభవన్‌లోనే ఉంది.

"చెరువు పాడైపోతోంది, పట్టించుకోండి" అని రాసిన ఫిర్యాదు ఎవరి బల్ల మీదా నిలవదు. ఎక్కడ, ఎప్పుడు, ఏ నాలా, నీటి రంగు ఏమిటి, వాసన ఎలా ఉంది, ఇవి రాయండి. లొకేషన్ ఆన్ చేసి రెండు ఫొటోలు తీయండి, ఒకటి దగ్గర నుంచి, ఒకటి చుట్టుపక్కల గుర్తులు తెలిసేలా. అదే చోట వేర్వేరు రోజుల్లో తీసిన ఫొటోలుంటే ఇంకా బలం. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. "పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చి, వెళ్లి చూస్తే అలాగే ఉంటే, పాత నంబరు ప్రస్తావిస్తూనే మళ్లీ పెట్టండి. కొత్త ఫిర్యాదుగా పెడితే లెక్క మొదటికొస్తుంది.

వివరాలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. పడవల భద్రత మీద అనుమానముంటే పర్యాటక సంస్థను ఆ పడవ సర్వే ధ్రువపత్రం, అనుమతించిన ప్రయాణికుల సంఖ్య, బీమా కాపీలు అడగండి. మురుగు మీద అనుమానముంటే మీ నాలా చెరువులో కలిసే చోట గత ఏడాది తీసిన నీటి నమూనాల ఫలితాలను కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. ఒక దరఖాస్తులో ఒకే విషయం రాయండి. రెండు శాఖలవి కలిపి రాస్తే ఒకరు మరొకరికి పంపే సాకుతో నెల గడిచిపోతుంది.